జేజికి మిగిలిన మాట

కాలువ పనుల ఆఫీసుల్లో లెవెల్ బుక్కు అని ఒక చిన్న అట్ట పుస్తకం ఉంటుంది. పేజీకి ఆరేడు నిలువు గళ్లు. నేల ఎక్కడ ఎంత ఎత్తుందో కొలిచి ఆ అంకెలు అందులో రాస్తాం. నా దగ్గర ఉన్న ఒక లెవెల్ బుక్కులో మార్చి నుంచి జూన్ దాకా నేల కొలత ఒక్కటీ లేదు. అచ్చు వేసిన గళ్ల పేర్లు కొట్టేసి, వాటి పైన నా చేత్తో వేరేవి రాసుకున్నాను. పొద్దు. ఏమి తాపాము. మొత్తం ఎన్ని చెంచాలు. ఎన్నో చెంచాకు మాట్లాడింది. ఏమంది.

చివరి గడిలో అన్ని పేజీల్లోనూ ఒకటే మాట ఉంది.

మా నాయనను కన్నతల్లిని మేము జేజి అంటాం. ఆమె పక్షవాతంతో పడిపోయిన ఆ నెలల గురించి రాస్తున్నాను. మందుల సంగతి నాకు తెలియదు కాబట్టి రాయను. ఇంట్లో మాట పడిపోయిన మనిషిని పెట్టుకున్నవాళ్లకు ఇది అక్కరకు రావచ్చు. ఎవరికీ అక్కర్లేకపోయినా, వరుసగా రాసి పెడితే నా తల కాస్త కుదుటపడుతుందని ఒక ఆశ.

ఫిబ్రవరి

కర్నూలు రాజధాని అయిన కొత్త. ఆఫీసులు సగం డేరాల్లోనే నడుస్తున్నాయి. నేను ఇంజనీరింగు డిప్లొమా ముగించి అలాంటి ఒక డేరాలో డ్రాయింగులు గీసే పనిలో ఉన్నాను. గాలి వస్తే కాగితం నాలుగు మూలలా రాళ్లు పెట్టుకోవాలి. నేను రాళ్లు పెడుతుండగా మా ఊరి మనిషి ఒకడు బస్సు దిగి వచ్చి, డేరా తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"మీ జేజి పడిపోయింది. మీ నాయన రమ్మన్నాడు."

మా ఊరు కోయిలకుంట్ల పక్కన. సాయంకాలానికి చేరాను. నేను చూసినవి వరుసగా ఇవి. జేజి మంచం వాకిట్లోకి తెచ్చారు. కుడి చెయ్యి ఆమెది కానట్టు పక్కన పడి ఉంది. నోరు ఎడమకు లాగింది. ఆమె ఉన్ని వడికే కదురు గోడవారగా, ఎప్పుడూ ఉండే చోటే ఉంది, సగం నూలుతో. నాకు ఏడుపు రాలేదు. కదురుకు ఎంత నూలు చుట్టి ఉందో చూశాను.

"రెండు దినాలాయ. ఒక్క మాట లేదు," అన్నాడు నాయన.

అమ్మ ఉగ్గుగిన్నెలో రాగిజావ తెచ్చింది. మా ఇంట్లో పిల్లలందరం పాలు తాగిన ఇత్తడి ఉగ్గుగిన్నె అది. ఆ గిన్నె ముక్కు జేజి పెదవుల మధ్య పెట్టి నాయన కొంచెం కొంచెంగా వంచాడు. కాసేపు తాగింది. తర్వాత తల అటు తిప్పి, పెదవులు కూడదీసుకుని, ముద్దగానైనా తెలిసేటట్టు అంది.

"సాకు."

నాయన ముఖం విప్పారింది. రెండు రోజుల గడ్డం, నిద్ర లేని కండ్లు, అయినా నవ్వాడు.

"ఇన్యావా? సాకమంటాంది. సాకుతాలేమ్మా. నువ్వు మమ్మల్ని సాకలేదా?" అని మళ్లీ గిన్నె వంచాడు.

ఆ మాటను నాయన అలా అందుకోవడంలో వింతేమీ లేదు. మా పక్క పిల్లల్ని పెంచడాన్ని సాకడం అంటాం. జేజి నోట్లో అన్నిటికన్నా ఎక్కువ నలిగిన మాట అదే. "పదకొండు మందిని సాకినా, గొర్రెపిల్లలు గాక," అనేది. ఆ లెక్క కూడా రాస్తాను. కడుపున పుట్టినవాళ్లు నలుగురు. బావగారు భార్యతో సహా పోతే వాళ్ల పిల్లలు ఇద్దరు. మిగతా ఐదుగురు ఆమెకు ఏమీ కారు. కలరా ఏడాదిలో వీధిలో మిగిలినవాళ్లు.

ఆమెది ఈ సీమ కాదు. తుంగభద్ర అవతల కన్నడ దేశం. పెళ్లయిన కొత్తలో, పదిహేనేళ్ల వయసులో, అక్కడ వానలు లేక గొర్రెల మందను తోలుకుంటూ మొగుడితో ఇటు వచ్చింది. బయల్దేరినప్పుడు మందలో అరవై. మా ఊరి నల్లరేగడి చేలు చేరేటప్పటికి పందొమ్మిది. తాత ఇక నడవనన్నాడట. ఆయన గొంగళ్లు నేశాడు, ఆమె ఉన్ని వడికింది. గొర్రెలు పోయాయి, మగ్గం మిగిలింది. ఊరు మొదట వాళ్లను చేలగట్టున ఉండనిచ్చింది, తర్వాత వీధి చివర. నాకు తెలిసేటప్పటికి ఆమె ఇల్లు వీధి నడుమ ఉంది. కొత్త కోడలికి కడుపు నొప్పి వచ్చినా, అన్నదమ్ములు గోడ దగ్గర కొట్టుకున్నా ముందు ఆమెను పిలిచేవాళ్లు.

నాయన ఆరేళ్లప్పుడు వీధి బడికి పోతే, తోటి పిల్లలు అతని మాట విని "బేకు బేడా గాడు" అని పేరు పెట్టారట. కన్నడంలో కావాలి, వద్దు అన్న మాటలు అవి. నాయన ఏడుస్తూ ఇంటికొచ్చాడు. జేజి పొయ్యి ముందు నుంచి లేచి, "ఈ పొద్దు నుంచి ఈ ఇంట్లో ఆ మాటలు లేవు," అందట. పిల్లలు తనను పిలిచే పిలుపు కూడా మార్పించిందట. తాతతో సైతం తెలుగే. అప్పట్నుంచి యాభై ఏళ్లు. ఒక్క లెక్క మాత్రం మారలేదు. నూలు ఉండలు లెక్క పెట్టేటప్పుడు గొంతు తగ్గించి ఒందు, ఎరడు, మూరు అనుకునేది. మేము నవ్వేవాళ్లం. ఆ లెక్క మా అందరికీ తెలుసు. కాబట్టి మాకు తెలియదని నేను అనలేను.

మార్చి

ఆఫీసులో సెలవు పెట్టాను. మైదుకూరు నుంచి మా అత్త, అంటే నాయన చెల్లెలు, రెండు బస్సులు మారి వచ్చింది. సంచి దించకముందే మంచం దగ్గర కూర్చుని తల్లి గడ్డం పట్టుకుంది.

"అమ్మా, నేనొచ్చినా."

అప్పుడే జావ తాపుతున్నాం. జేజి ఆమెను చూసి, గిన్నెను చూసి, "సాకు," అంది.

అత్త చెయ్యి తీసేసింది. "చూసినావా అన్నా, వచ్చీరాకముందే. పండగకు రాలేదని, బిడ్డకు జ్వరమని కబురు పంపినానని, అవన్నీ సాకులంట. ఈమెకు నోరు పడిపోయినా ఆ మాట మాత్రం పడిపోలేదు."

"నిన్ను గాదు లేమ్మా. సాకమంటాంది," అన్నాడు నాయన.

"నీకు సాకమని, నాకు సాకని. కొడుక్కొక మాట, కూతురికొక మాట. ఎప్పుడూ అంతే గదా ఈ ఇంట్లో."

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. అత్త కూడా నవ్వి, తర్వాత ఏడ్చింది. ఆ రాత్రి నుంచి అత్త తల్లికి తలదువ్వడం, పడక మార్చడం అన్నీ తనే చేసింది. ఎవరైనా సాయానికి వస్తే, "మీరు పోండి, మళ్లా నన్నే అంటాది," అనేది.

నేను పుస్తకం మొదలుపెట్టింది అప్పుడే. ఎవరు ఎంత తాపారో ఒకరికొకరు చెప్పుకోరు, పూటపూటకూ గొడవ. "ఇంజనీరు అల్లుడు రాసుకుంటాండాడు, ఇంక భయం లేదు," అంది అత్త. గిన్నె మానిపించి చెంచా తెచ్చాను. చెంచాలైతే లెక్క కుదురుతుంది. పూటకు ఇరవై అని పెట్టుకున్నాను. ఆ ఇరవై ఎక్కడి నుంచి వచ్చిందని ఇప్పుడు అడిగితే చెప్పలేను. గుండ్రంగా ఉందని కావచ్చు.

జేజి ఆ మాట అన్నప్పుడల్లా నాయన ముఖంలో కొంచెం ఆశ కనిపించేది. "అడుగుతాంది చూడు," అని ఇంకొక చెంచా. ఆమె తల తిప్పేది. నాయన అటు వైపు వచ్చి కూర్చునేవాడు. కొన్నిసార్లు పొలమారేది. అప్పుడు అత్త వీపు నిమిరేది, నేను ఆ చెంచాను లెక్కలో వేయాలా వద్దా అని ఆలోచించేవాణ్ణి. నెల చివర జ్వరం వచ్చింది, రొమ్ములో గురక. బస్సు వెనక సీటు మొత్తం అడిగి, గొంగళి పరిచి, కర్నూలు ఆసుపత్రికి తెచ్చాం. కండక్టరు దారి పొడవునా తన నీళ్ల సీసా మాకే ఇచ్చేశాడు. అతని పేరు నేను అడగలేదు.

ఏప్రిల్

ఆడవాళ్ల వార్డు. మగవాళ్లను పొద్దునా సాయంకాలం, తాపే వేళకు లోపలికి రానిచ్చేవాళ్లు. మిగతా వేళ వరండాలో బండల మీద కూర్చోవాలి. ఆ వరండాలో నేను ఎన్ని గంటలు కూర్చున్నానో పుస్తకంలో లేదు. స్తంభాలు తొమ్మిది. నాలుగో స్తంభం నీడ పదకొండు గంటలకు గడప తాకుతుంది. నాయన రోజంతా ఒకే చోట కూర్చుని, లోపల్నుంచి నర్సు వస్తే లేచేవాడు, పోతే కూర్చునేవాడు.  మేము ఇద్దరం మాట్లాడుకునేది తిన్నావా, తిన్నా, అంతే.

డాక్టరు కోస్తా నుంచి వచ్చిన కుర్రాయన. మర్యాదగా ఉండేవాడు.

"చూడండి, మాట పోయినవాళ్లకు ఒక్కోసారి ఒకే ఒక మాట మిగిలిపోతుంది. దేనికైనా అదే అంటారు. దానికి అర్థం ఉండాలని లేదు."

నాయన చేతులు కట్టుకుని విన్నాడు. "అర్థం ఉండాది సార్. సాకమంటాంది. మా అమ్మకు అర్థం లేని మాట రాదు."

డాక్టరు వాదించలేదు. నోటితో తాగేది చాలడం లేదని, వారంలోగా పెరగకపోతే ముక్కులోంచి గొట్టం వేసి తాపుతామని, అందుకు ఇంటివాళ్లు ఒప్పుకోవాలని చెప్పాడు. నాయన వెంటనే ఒప్పుకున్నాడు. "సాకమన్నాక సాకాల్నే గదా," అన్నాడు నాతో, బయటికి వచ్చి. పక్క మంచం ఆమెకు ఆ గొట్టం వేస్తుంటే నేను చూశాను. ఆమె చేతులు మంచానికి కట్టారు. జేజికి పనిచేసే చెయ్యి ఒక్కటే ఉంది. దాన్ని కడతారు. ఇది తప్పాలంటే నేను ఇరవై చెంచాలు తాపాలి. అలా అనుకున్నాను.

ఆ పక్క మంచం ఖాళీ అయిన మరుసటి రోజు అందులోకి ఆదోని వైపు అమ్మాయి ఒకతె వచ్చింది. తోడుగా వాళ్లమ్మ. లావుపాటి మనిషి, చేతిలో తాటాకు విసనకర్ర. కూతురికి విసురుతూ విసురుతూ మధ్యలో రెండు విసుర్లు జేజికి కూడా విసిరేది.

ఆ సాయంకాలం ఎనిమిది చెంచాలయ్యాక జేజి, "సాకు," అంది. నేను తొమ్మిదోది ముంచాను. పెదవులు బిగించింది. చెంచా అంచుతో నెమ్మదిగా తెరిచాను. అందులో నాకు నేర్పు వచ్చింది అప్పటికి. పది. పదకొండు. "సాకు." పన్నెండు.

విసనకర్ర ఆగింది.

"ఏమప్పా," అంది ఆ తల్లి, "సదువుకున్నోని మాదిరి ఉండావు. ఆయమ్మ సాలు సాలంటాంటే ఇంకా పోస్తాండావే?"

"సాలనలేదమ్మా. సాకమంటాంది."

"ఏం సాకేది? మా పక్క సాలును సాకు అనే అంటారు. కన్నడం గదప్పా అది. మీ జేజి ఏ ఊరు?"

నేను చెప్పాను. చెంచా చేతిలోనే ఉంది.

"మరింకేమి," అంది ఆమె, కూతురి వైపు తిరిగి మళ్లీ విసురుకుంటూ. "కడుపు నిండిందంటాంది ముసలామె. ఆ మాత్రం తెల్దా ఇంట్లో ఎవురికీ?"

చెంచా గిన్నెలో పెట్టాను. జేజి నన్నే చూస్తోంది. నేను కూడా చూశాను. ఆమె కండ్లలో ఏముందో రాయడానికి నాకు చేత కాదు. తర్వాత బయటికి వచ్చి, నాలుగో స్తంభం దగ్గర కూర్చుని పుస్తకం తెరిచాను. ఎన్నో చెంచాకు మాట్లాడింది అనే గడిలో ఎనిమిది, ఏడు, తొమ్మిది, ఏడు, ఎనిమిది. నెల నుంచీ అంతే. మొత్తం అనే గడిలో ఇరవై, ఇరవై, పద్దెనిమిది, ఇరవై. ఒక గడిలోంచి ఒక గడి తీసేస్తే, చాలు అన్నాక ఆమె నోట్లో మేము పోసినవి వస్తాయి. తీసివేతలు నా జీవనోపాధి. పేజీలన్నీ ఒకసారి తీసివేసి, కూడాను. ఆ మొత్తం ఎక్కడా రాయలేదు.

డాక్టరు చెప్పిన వారం అయిపోయింది, గొట్టం వేసేది మరుసటి రోజు పొద్దున. నాయనకు చెప్పాలి.

చెప్పాను. పక్కనే కూర్చుని, పుస్తకం ఆయన మోకాళ్ల మీద పెట్టి, ఆదోని ఆమె అన్నది అన్నట్టే చెప్పాను. నాయన పుస్తకం చూడలేదు.

"యాభై ఏండ్లు తెలుగే మాట్లాడింది. ఇప్పుడు కన్నడం యాడ్నుంచి వస్తాది?"

"లెక్క కన్నడంలోనే పెట్టేది గదా నాయనా."

"లెక్క వేరే."

 చీకటి పడింది. వరండాలో దీపం వెలిగించే మనిషి మా కాళ్లు దాటుకుంటూ పోయాడు.

"అడిగితే పోస్తాండామనుకున్నాం గదరా," అన్నాడు నాయన. "ముక్కు గూడా మూసినా నేను. ఒగనాడు. నోరు తెరుస్తాదని."

ఆ సంగతి పుస్తకంలో లేదు. నాకు తెలియదు.

పొద్దున డాక్టరు రాకముందే నాయన లోపలికి పోయాడు. నేను వెనక. ఆదోని ఆమె లేచి తన ముక్కాలిపీట ఇచ్చింది. నాయన కూర్చోలేదు. మంచం పక్కన వంగి, బడికి పోయే పిల్లవాడు పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టు నిలబడ్డాడు. ఆయనకు ఆ భాషలో మాటలు మిగిలి ఉన్నాయని నాకు అంతవరకు తెలియదు. అమ్మా అని పిలవలేదు. ఆరేళ్ల వరకు తల్లిని కన్నడంలో పిలిచిన పిలుపుతో పిలిచాడు.

"అవ్వా. సాకా?"

జేజి ముఖం ఆయన వైపు తిరిగింది. ఎంత నెమ్మదిగా తిరిగిందంటే, నేను గోడ మీద ఎండను చూసి కొలవగలిగేవాణ్ణి. ఎడమ చెయ్యి లేచి ఆయన చొక్కా పట్టుకుంది.

"సాకు," అంది. "సాకు. సాకు."

నాయన తల ఊపాడు. డాక్టరు వచ్చినప్పుడు, గొట్టం వద్దు, ఇంటికి తీసుకుపోతాం అని చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. డాక్టరు నా వైపు చూస్తే, కడుపు నిండిందంటోంది సార్ అన్నాను. ఆయనకు ఏమనిపించిందో తెలియదు, కాగితం రాసి ఇచ్చాడు. ఆదోని ఆమె విసనకర్ర మాకు ఇచ్చేసింది. దారిలో ఎండగా ఉంటుందని.

మే, జూన్

ఇంట్లో పూటకు ఏడో ఎనిమిదో చెంచాలు. ఆ మాట రాగానే చెంచా దించేవాళ్లం. అత్తకు సంగతి చెబితే, "అయితే నన్నేమీ అనలేదన్న మాట," అని తేరుకుంది. మళ్లీ, "ఏమన్నా అంటే బాగుండు," అంది. జ్వరం తగ్గింది. పొలమారడం తగ్గింది. ఆమె రోజురోజుకూ చిన్నదైపోయింది, కానీ తల తిప్పుకోవడం మానేసింది. మేము మంచం దగ్గరికి వస్తే కండ్లు మూసుకోవడం కూడా మానేసింది. అంతకుముందు మూసుకునేదని నేను అప్పుడే గమనించాను.

వీధిలోవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. ఆమె సాకిన పదకొండు మందిలో నాయన, అత్త కాక బతికి ఉన్న ఆరుగురూ వచ్చారు. వాళ్లలో ఒకాయన, కలరా ఏడాది వాడు, ఇప్పుడు కడపలో బండల పని చేస్తాడు, రెండు రోజులు మంచం కోడు పట్టుకుని కూర్చుని వెళ్లిపోయాడు.

జూన్‌లో మొదటి వాన పడిన వారానికి జేజి పోయింది. మధ్యాహ్నం, అమ్మ తల దువ్వుతుండగా. అంతకన్నా రాయడానికి లేదు.

మాట పడిపోయినవాళ్ల దగ్గర ఉండేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చిందో, మీ కోసం ఏ మాటలు మానుకుందో ముందు ఎవరినైనా అడిగి తెలుసుకోండి. రాసుకోవడం మంచిదే. రాసినది చదవాలి కూడా.

పుస్తకంలో చివరి పేజీ సంగతి ఒకటి మిగిలింది. ఆమె పోవడానికి నాలుగు రోజుల ముందు. సాయంకాలం నాయన ఆమె కాళ్లు పిసుకుతున్నాడు. జావ లేదు, చెంచా లేదు, నేను పక్కన ఊరికే కూర్చుని ఉన్నాను.

"సాకు," అంది జేజి.

నాయన వెంటనే చేతులు తీసేశాడు. ఇప్పుడు మాకందరికీ తెలుసు కదా. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

జేజి ఎడమ చెయ్యి మంచం మీద తడుముకుంటూ వచ్చింది. ఆయన మణికట్టు దొరికింది. దాన్ని లాగి, తన మోకాలి మీద పెట్టుకుంది.

"సాకు," అంది మళ్లీ.

నాయన నా వైపు చూశాడు. "ఇప్పుడేమంటాంది రా?"

"తెలీదు నాయనా."

ఆయన పిసకడం మొదలుపెట్టాడు. ఆమె ఆపలేదు. నేను పుస్తకం తీసి పొద్దు రాశాను. ఏమంది అనే గడిలో ఆ మాట రాశాను. నడిమి గళ్లు వదిలేశాను. అవి ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.